మెర్సరైజ్ చేశాక బీఈటీ విలువ తగ్గిందేంటి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 2/80 నూలు చిలపలను (కట్టలను) 24 శాతం కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచి మెర్సరైజ్ చేశారు, కడిగారు, ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టారు, నైట్రోజన్‌తో బీఈటీ చేయించారు (వాయువు పొరగా అంటుకునే తీరును బట్టి ఉపరితల వైశాల్యం కొలిచే పరీక్ష). మెర్సరైజ్ చేయకముందు గ్రాముకు 0.92 చదరపు మీటర్లు వచ్చింది, చేశాక 0.71. అదే నూలుకు రియాక్టివ్ రంగు మాత్రం ముందుకన్నా బాగా ముదురుగా పట్టింది. కాస్టిక్‌లో పీచు ఉబ్బినప్పుడు ఉపరితల వైశాల్యం పెరగాలి కదా, తప్పు మిషన్‌దా నాదా అని మీ టెన్షన్. గైడ్ గారు మళ్లీ చేయమన్నారట.

ఇదే పద్ధతిలోనైతే మళ్లీ చేయకండి. పదిసార్లు చేసినా ఇలాగే వస్తుంది. మిషన్ బాగానే ఉంది, మీ మెర్సరైజింగ్ కూడా బాగానే జరిగి ఉంటుంది. మీరు చూడాలనుకున్న ఉపరితలం మాత్రం శాంపిల్ బీఈటీ ట్యూబులోకి వెళ్లకముందే, ఆ ఓవెన్‌లోనే మూసుకుపోయింది.

ముందు ఒక చిన్న లెక్క వేసుకుందాం. పత్తి పీచును 15 మైక్రాన్ల మందమున్న నున్నటి కడ్డీ అనుకోండి. పత్తి పీచులో ఉండే సెల్యులోజ్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.54 గ్రాములు. అలాంటి కడ్డీల బయటి ఉపరితలం గ్రాముకు 0.17 చదరపు మీటర్లు మాత్రమే. నిజం పీచు నున్నటి కడ్డీ కాదు. మెలికలు తిరిగి, అడ్డంగా కోస్తే చిక్కుడుగింజ ఆకారంలో, పైన సన్నటి ముడతలతో ఉంటుంది. అందుకని ఎండు పత్తికి నైట్రోజన్ బీఈటీ ఒకటికి కాస్త అటూ ఇటూగా వస్తుంది. మీ 0.92, 0.71 రెండూ ఆ పరిధిలోవే. అంటే నైట్రోజన్ మీ నూలును బయట నుంచి తడిమి చూసి వెళ్లిపోయింది. లోపలికి అడుగు పెట్టలేదు.

ఇప్పుడు రంగు వైపు నుంచి చూడండి. 4 శాతం షేడ్ వేశారనుకుందాం. గ్రాము నూలుకు 0.04 గ్రాముల రంగు. రియాక్టివ్ రంగు అణుభారం 800 అనుకుంటే అందులో 3 తరువాత 19 సున్నాలన్ని అణువులుంటాయి. ఒక్కో అణువు చదునుగా పడుకుంటే 2 చదరపు నానోమీటర్ల చోటు తీసుకుంటుందని ఉజ్జాయింపుగా వేసుకోండి. మొత్తం 60 చదరపు మీటర్లు కావాలి. 70 శాతమే పీచుకు ఫిక్స్ అయి మిగతాది సోపింగ్‌లో (సబ్బు నీళ్ల కడుగులో) పోయిందన్నా 40 దాటుతుంది. మీ నూలుకు ఉన్నది 0.71 అని బీఈటీ చెబుతోంది. మరి మిగతా రంగంతా ఎక్కడ కూర్చుంది? గైడ్ గారి ముందు ఈ లెక్క పెట్టండి. రంగు బాత్‌లో తడిగా ఉన్న పీచు వేరు, బీఈటీ ట్యూబులో ఎండిన పీచు వేరు అన్నది ఆయనకు వెంటనే అర్థమవుతుంది.

ఇంకో చిన్న సంగతి. బీఈటీకి ఎంత నూలు పెట్టారో మీరు రాయలేదు. మామూలుగా ల్యాబుల్లో అర గ్రాము లోపే కుక్కుతారు. అలాగైతే ట్యూబులో ఉన్న మొత్తం ఉపరితలం అర చదరపు మీటరు కూడా ఉండదు. నైట్రోజన్‌తో అంత తక్కువ ఉపరితలాన్ని కొలిస్తే 0.92కీ 0.71కీ మధ్య తేడా నిజమో, మిషన్ గీతల ఊగిసలాటో చెప్పడం కష్టం. ఇలాంటి వాటికి క్రిప్టాన్ వాడతారు. అయితే మీ విషయంలో తగ్గుదల నిజమే అయ్యుండొచ్చు. దానికి కారణం కింద చెబుతాను.

అసలు కథ పొలంలోనే మొదలవుతుంది. గుంటూరు వైపో వరంగల్ వైపో పత్తి చేలోకి వెళ్లి, ఇంకా పగలని ముదురు కాయ ఒకటి కోసి విప్పి చూడండి. లోపల మనకు తెలిసిన దూది కనపడదు. తాటిముంజెల్లాగా తెల్లగా, నీళ్లతో నిగనిగలాడే తొనలుంటాయి. గోటితో గీరితే తడి దారాలు సాగుతాయి. ఆ దశలో ప్రతి పీచూ నీళ్లు నిండిన గుండ్రటి గొట్టం. గోడల్లో సెల్యులోజ్ పొరల మధ్య కూడా నీరే. కాయ పగిలి ఎండ తగలగానే ఆ నీరు పోతుంది. గొట్టం నొక్కుకుపోయి చిక్కుడుగింజ ఆకారానికి వస్తుంది, మెలికలు పడతాయి. గోడలోని పొరలు ఒకదానికొకటి అంటుకుంటాయి. వానలో తడిసిన పుస్తకాన్ని అలాగే ఆరనిస్తే పేజీలు అతుక్కుపోవా? అచ్చం అలాగే. పేజీల మధ్య జిగురేమీ ఉండదు. నీరు పోతూ పోతూ రెండు పేజీలనూ దగ్గరికి లాగుతుంది. సెల్యులోజ్‌లోనైతే అలా దగ్గరికొచ్చిన అణువుల గొలుసుల మధ్య హైడ్రోజన్ బంధాలు పడతాయి. మళ్లీ తడిపితే చాలావరకు విడతాయి కానీ అన్నీ విడవు. కాగితం పరిశ్రమవాళ్లు దీన్ని హార్నిఫికేషన్ అంటారు. పత్తికి మొదటి దెబ్బ, పెద్ద దెబ్బ చేలోనే పడిపోతుంది. తరువాత మనం మిల్లులో చేసే ఉబ్బించే పనులన్నీ ఆ మూసుకున్న పేజీలను మళ్లీ విప్పే ప్రయత్నాలే.

మామూలు నీళ్లు కూడా కొంత విప్పుతాయి. పత్తి పీచు నీళ్లలో అడ్డంగా 20 శాతం దాకా ఉబ్బుతుంది, పొడవులో 1 శాతం పెరిగితే గొప్ప. అయితే నీరు స్ఫటికంగా గట్టిపడిన భాగంలోకి దూరలేదు. వదులుగా ఉన్న చోట్లలోకి, స్ఫటికాల అంచులకు మాత్రమే చేరుతుంది. అంతమాత్రానికే ఎంత ఉపరితలం తెరుచుకుంటుందో చూడండి. నీటి ఆవిరితో బీఈటీ చేస్తే పత్తికి మొదటి పొర నీరు బరువులో 3 శాతం పైచిలుకు వస్తుంది. నీటి అణువుకు 0.106 చదరపు నానోమీటర్లు వేసుకుని లెక్క కట్టండి, గ్రాముకు 100 చదరపు మీటర్లు దాటుతుంది. అదే నూలు, అదే గ్రాము. నైట్రోజన్‌ని అడిగితే ఒకటి లోపు, నీటిని అడిగితే వంద పైన. ఇందులో ఏది నిజం అని నన్ను చాలామంది అడిగారు. రెండూ నిజమే. నైట్రోజన్ తలుపు మూసి ఉంటే బయట నుంచే వెనక్కి పోయే చుట్టం. నీరు తలుపు తానే తీసుకుని లోపలికొచ్చి మంచం మీద కూర్చునే చుట్టం. 1938లో బ్రూనవర్, ఎమ్మెట్, టెల్లర్ తమ పేర్లతో బీఈటీ అనే ఆ సిద్ధాంతం రాసింది గట్టి ఉపరితలాల మీద వాయువు పొరల గురించి. నీటిలా తాను చేరేకొద్దీ ఉపరితలాన్ని కూడా పెంచుకుంటూ పోయే పదార్థానికి వాడేటప్పుడు ఆ వంద అంకెను కూడా మరీ అక్షరసత్యంగా తీసుకోకూడదు. పోలికకు మాత్రం బాగా పనికొస్తుంది.

ఇక కాస్టిక్. 1844లో జాన్ మెర్సర్ అనే లాంకషైర్ అద్దకపువాడు గాఢమైన కాస్టిక్‌ను నూలుగుడ్డలో వడకట్టాడు. గుడ్డ మందంగా తయారైంది, కుదించుకుపోయింది, రంగు బాగా పట్టింది. 1850లో పేటెంటు తీసుకున్నాడు. మెరుపు సంగతి ఆయనకు తెలియదు. లాగి పట్టుకుని చేస్తే మెరుపొస్తుందని 1890 ప్రాంతంలో హొరేస్ లోవ్ కనిపెట్టాడు. మన మిల్లుల్లో ఇప్పటికీ 48 నుంచి 54 ట్వాడెల్ అని చెప్పుకునేది ఈ కాస్టిక్ గాఢత లెక్కే. 52 ట్వాడెల్ అంటే లీటరుకు దాదాపు 300 గ్రాముల కాస్టిక్.

మీ డిపార్ట్‌మెంట్‌లో మైక్రోస్కోప్ ఉంటే ఈ పని తప్పకుండా చేయండి. గాజుపలక మీద నాలుగైదు పీచులు పెట్టి, కవర్ స్లిప్ వేసి, ఫోకస్ చేసుకుని, అంచున ఒక చుక్క 18 శాతం కాస్టిక్ వదలండి. ద్రవం పాకుతూ పీచును తాకగానే అది నిద్ర లేచిన పాములా కదులుతుంది. మెలికలు ఒక్కొక్కటే విడిపోతూ పీచు తన చుట్టూ తాను తిరుగుతుంది. చదునుగా ఉన్నది ఉబ్బి గుండ్రమవుతుంది, మధ్యలో కాలువ సన్నబడి గీతలా మిగులుతుంది. కొన్ని సెకన్లలో అంతా అయిపోతుంది. పక్కనే ముదరని పీచు ఉంటే అది రిబ్బనులా అలాగే పడి ఉంటుంది, గోడలో ఉబ్బడానికి సరుకుండాలిగా. నేను 30 ఏళ్లలో ఇది కొన్ని వందలసార్లు చూసి ఉంటాను, ఇప్పటికీ ఎవరైనా కొత్తవాళ్లు ల్యాబ్‌కు వస్తే మొదట ఇదే చూపిస్తాను.

గాఢత ఎందుకు అంత ముఖ్యం? పలుచటి కాస్టిక్‌లో ప్రతి సోడియం అయాను చుట్టూ బోలెడు నీటి అణువులు మూగి ఉంటాయి. అంత పెద్ద గుంపు స్ఫటికంలోకి దూరలేదు. గాఢత పెరిగేకొద్దీ పంచుకోవడానికి నీళ్లు తక్కువై గుంపు చిన్నదవుతుంది. దాదాపు 12 శాతం దాటాక స్ఫటికంలోకి కూడా చొరబడుతుంది. అక్కడ సోడా సెల్యులోజ్ ఏర్పడుతుంది, కడిగేశాక గొలుసులు పాత అమరికకు తిరిగి రావు. సెల్యులోజ్ ఒకటి అనే స్ఫటిక అమరిక కాస్తా సెల్యులోజ్ రెండు అనే అమరిక అవుతుంది, స్ఫటిక భాగం తగ్గుతుంది, నీరూ రంగూ చేరగల చోటు పెరుగుతుంది. ఈ మార్పు శాశ్వతం. చల్లగా ఉంటే ఉబ్బు ఎక్కువ. కానీ చల్లటి కాస్టిక్ చిక్కగా ఉంటుంది, పైపొర ముందే ఉబ్బి లోపలి పోగులకు దారి మూసేస్తుంది. 60 డిగ్రీల పైన చేస్తే ఉబ్బు తగ్గుతుంది కానీ నూలు మధ్యదాకా సమానంగా వెళుతుంది. నూలును లాగి పట్టే టెన్షన్ కూడా ఇలాంటిదే. వదులుగా మెర్సరైజ్ చేసిన నూలు ఎక్కువ తేమ, ఎక్కువ రంగు పీలుస్తుంది, లాగి పట్టుకుని చేసింది ఎక్కువ మెరుస్తుంది. రెండూ ఒకేసారి పూర్తిగా రావు, ఏది కావాలో మీరే తేల్చుకోవాలి.

ఇప్పుడు మీ 0.71 సంగతి. ఒకే వైశాల్యాన్ని చుట్టడానికి గుండ్రం కన్నా తక్కువ చుట్టుకొలత ఇంకే ఆకారానికీ లేదు. చిక్కుడుగింజ గుండ్రమైంది, మెలికలు పోయాయి, ముడతలు సాఫయ్యాయి. అందుకే మెరుపు. అందుకే బయటి ఉపరితలం తగ్గుతుంది కూడా. అంటే మీ అంకె మెర్సరైజింగ్ విఫలమైందని చెప్పడం లేదు, బాగా జరిగిందనే చెబుతోంది. లోపల పెరిగింది, బయట తగ్గింది. లోపల పెరిగినదాన్ని 105 డిగ్రీల ఓవెన్ మూసేసింది కాబట్టి నైట్రోజన్‌కు బయట తగ్గిందొక్కటే కనపడింది.

ఓవెన్ ఎంత పని చేస్తుందో నేను ల్యాబ్‌లో కాదు, పనిలో దెబ్బ తిని నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట నేను చూసుకునే ఒక అద్దకం యూనిట్‌లో నేవీ బ్లూ ఆర్డర్ వచ్చింది. ఒకే లాట్ నూలు, ఒకే రోజు మెర్సరైజ్ అయింది. ఒక బాత్ ఖాళీ లేక సగం చిలపలను డ్రయ్యర్‌లో బాగా వేడి మీద ఆరబెట్టి పక్కన పెట్టారు. మిగతా సగం తడిగానే రంగులోకి వెళ్లింది. రెండు రోజుల తరువాత రెండో సగం వేశాం. అదే రెసిపీ. ఆరిన చిలపలు స్పష్టంగా లేతగా వచ్చాయి. నేను తూకం తప్పిందని అద్దకపు మేస్త్రిని నానా మాటలూ అన్నాను. ఆయన తొణక్కుండా "తప్పు నా త్రాసుది కాదు సార్, మీ డ్రయ్యర్‌ది" అన్నాడు. పుస్తకాలు చదివిన నాకు తట్టనిది చేతులతో చిలపలు తిప్పిన ఆయనకు తెలుసు. ఆ తరువాత మెర్సరైజ్ చేసిన సరుకంతా అయితే తడిగానే, లేదా అంతా ఒకేలా ఆరబెట్టే రంగుకు పంపాలని బోర్డు రాయించాను.

మిగతా ట్రీట్‌మెంట్ల గురించి కూడా అడిగారు కాబట్టి వాటినీ చెప్పేస్తాను. స్కౌరింగ్‌లో, అంటే నూలును క్షారంలో ఉడికించి మలినాలు తీసేటప్పుడు, పోయేది మైనం, పెక్టిన్. రెండూ కలిపినా బరువులో ఒకటి రెండు శాతమే, పైగా ఉండేది పైపొరలో. అది పోతే నీరు త్వరగా తాకుతుంది, అంతేగానీ లోపలి ఉపరితలం చెప్పుకోదగ్గంత పెరగదు. చుక్క పీల్చే వేగం చూసి "సర్ఫేస్ ఏరియా పెరిగింది" అని థీసిస్‌లో రాసేవాళ్లున్నారు, మీరు ఆ పని చేయకండి. ద్రవ అమోనియా మైనస్ 33 డిగ్రీల దగ్గర చిన్న అణువుగా స్ఫటికంలోకి క్షణాల్లో దూరుతుంది, కాస్టిక్ కన్నా సమానంగా ఉబ్బిస్తుంది కానీ అంతగా ఉబ్బించదు. దాన్ని పొడిగా ఆవిరి చేసి తీసేస్తే సెల్యులోజ్ మూడు అనే ఇంకో అమరిక వస్తుంది, నీళ్లతో కడిగితే చాలావరకు పాత రూపానికే తిరిగొస్తుంది. ఇక్కడ కూడా ఉబ్బించడం ఎంత ముఖ్యమో, ఉబ్బించిన ద్రవాన్ని ఎలా బయటికి తీశామన్నదీ అంతే ముఖ్యం. ఆమ్లం దీనికి ఎదురు. వదులు భాగాన్నే ముందు తినేస్తుంది. మిగిలేది ఎక్కువగా స్ఫటికమే, తేమ పీల్చడం తగ్గుతుంది, పీచు చేతిలో పొడి అవుతుంది. సెల్యులేజ్ ఎంజైము కొలత 5 నానోమీటర్ల లెక్కలో ఉంటుంది, పత్తిలోని రంధ్రాల్లో చాలావాటిలో పట్టదు. బయో పాలిష్‌లో (ఎంజైముతో గుడ్డను నున్నగా చేసే పనిలో) అది పైన నూగును మాత్రమే కొరికి వదిలేయడానికి ఒక కారణం అదే.

నా ఉద్దేశంలో వీటన్నిటిలో ఎక్కువ నేర్పేది ముడత పడని రెజిన్ ఫినిష్. డీఎండీహెచ్ఈయూ లాంటి రెజిన్‌ను గుడ్డకు పట్టించి, ఆరబెట్టి, వేడి మీద క్యూర్ చేస్తే, మూసుకున్న పేజీలను మూసుకున్నట్టే కుట్టేసినట్టు. తరువాత నీళ్లలో వేసినా సరిగా ఉబ్బదు, రంగు దాదాపు పట్టదు. అదే క్రాస్‌లింకింగ్‌ను, అంటే గొలుసులను ఒకదానికొకటి కుట్టే పనిని, తడిగా ఉబ్బి ఉన్న స్థితిలో చేస్తే తెరిచిన పేజీలను తెరిచినట్టే కుట్టవచ్చు. రసాయనం ఒకే కోవది, ఫలితాలు ఎదురెదురు.

చీరాల, పుట్టపాకల్లో నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా రుమాళ్ల గురించి కింద కామెంట్లలో ఒకరు అడిగారు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి మెదిపి నానబెట్టడం పాతకాలపు మెర్సరైజింగే కదా అని. కాదు. బూడిద నీళ్లలో ఉండేది ముఖ్యంగా పొటాషియం కార్బొనేట్, స్ఫటికాన్ని తెరిచేంత బలం దానికి లేదు. అక్కడ క్షారం నూనెను సబ్బు నురగలా విరిచి పీచు అంతటా పట్టిస్తుంది, గాలికి మారిన ఆ నూనె పటికనూ అలిజరిన్ ఎరుపునూ పట్టి ఉంచుతుంది. అదొక గొప్ప విద్యే, కానీ వేరే విద్య.

ఇక మీరు చేయాల్సింది. మెర్సరైజ్ చేసి, కడిగి, 1 శాతం అసిటిక్ యాసిడ్‌తో తటస్థం చేసి, మళ్లీ కడిగాక ఆ చిలపను ఆరనివ్వొద్దు. తడి పీచును ఇథనాల్‌లో నాలుగైదుసార్లు మార్చి నానబెట్టండి, నీరంతా పోవాలి. తరువాత హెక్సేన్‌లో అలాగే మార్చండి. చివరగా పొడి నైట్రోజన్ గాలిలో హెక్సేన్‌ను ఆవిరి కానివ్వండి. నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు, హెక్సేన్‌ది 18. లాగే బలం తగ్గితే పేజీలు అతుక్కోవు. గది తేమ తగలనీయకుండా ట్యూబులోకి ఎక్కించి, తక్కువ వేడి మీద డీగ్యాస్ చేయండి. సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్ డ్రయ్యర్ అందుబాటులో ఉంటే ఇంకా మంచిది. మెర్సరైజ్ చేయని నూలుకు కూడా ముందు నీళ్లలో నానబెట్టి ఇదే పద్ధతి పాటించండి, లేకపోతే పోలికకు అర్థం లేదు. రెండింటికీ పదుల చదరపు మీటర్లలో అంకెలు చూస్తారు, వాటి మధ్య తేడా కూడా కనపడుతుంది. హెక్సేన్ ఫ్యూమ్ హుడ్‌లోనే, దగ్గర్లో హీటర్ లేకుండా చూసుకోండి.

ఇంత హంగామా వద్దనుకుంటే బేరియం సంఖ్య చేయండి, మెర్సరైజింగ్ ఎంత బాగా జరిగిందో చెప్పే పరీక్ష అది. రెండు రకాల నూలూ 2 గ్రాముల చొప్పున తీసుకుని, 30 మిల్లీలీటర్ల పావు నార్మల్ బేరియం హైడ్రాక్సైడ్‌లో మూత బిగించి 2 గంటలు ఉంచండి. నూలు లేని ఖాళీ ఫ్లాస్క్ ఒకటి కూడా పెట్టండి. ఒక్కోదాన్నుంచి 10 మిల్లీలీటర్లు తీసి ఫినాఫ్తలీన్‌తో పదోవంతు నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌కు టైట్రేట్ చేయండి. మెర్సరైజ్ చేసిన నూలు పీల్చినదాన్ని చేయనిది పీల్చినదానితో భాగించి వందతో గుణించండి. 105 లోపు వస్తే కాస్టిక్ పని చేయనట్టే, 150 దాటితే పూర్తిగా చేసినట్టు. ఈ పరీక్ష నీళ్లలోనే జరుగుతుంది కాబట్టి పీచు రంగు బాత్‌లో ఎలా ఉంటుందో దాదాపు అలాగే పలుకుతుంది. దీనికి తోడు గాలిలో 65 శాతం తేమ దగ్గర రీగెయిన్ (నూలు పీల్చుకున్న తేమ శాతం) కూడా చూడండి. మామూలు పత్తికి 7, 8 శాతం వచ్చే చోట బాగా మెర్సరైజ్ అయినదానికి 10 దాటుతుంది.

పాత శాంపిల్ ఇంకా ఉంటే పారేయొద్దు. ఓవెన్‌లో ఆరినదానికి, గది వేడిలో ఆరినదానికి, అసలు ఆరనిదానికి బేరియం సంఖ్య విడివిడిగా తీసి, ఆ మూడింటినీ ఒకే బాత్‌లో రంగు వేసి పక్కపక్కన పెట్టి ఇక్కడ ఫొటో పెట్టండి. ఒకటి మాత్రం మరిచిపోకండి. తడి చిలపను ప్లాస్టిక్ కవర్‌లో కట్టి ఫ్రిజ్‌లో పెట్టి, నాలుగు రోజుల్లో వాడేయండి. మా ల్యాబ్‌లో ఒకసారి వారం ఆలస్యం చేశాం, తెరిచేసరికి బూజు పట్టింది.